ఉదాహరణ వాక్యం

ఇస్త్రీపెట్టె తీగ పీకేసి, ప్రసూన పెట్టెను కిటికీ గట్టు మీద పెట్టింది. చొక్కా సగమే అయింది. ఎడమచెయ్యి నున్నగా ఉంది, కుడిచెయ్యి ముడతలు ముడతలుగా వేలాడుతోంది. ఆ చొక్కా తొడుక్కోవాల్సిన డాక్టర్ ఓబిలేష్ గారు బనియన్‌తో నిలబడి, సదస్సు వాళ్ళిచ్చిన బ్యాడ్జీని మెడలో సవరించుకుంటున్నాడు. చొక్కా కంటే ముందు బ్యాడ్జీ తగిలించుకునే మొగుణ్ణి చూస్తే ప్రసూనకు మామూలుగా నవ్వొచ్చేది. ఇవాళ అసహ్యం వేసింది.

"ఆ గొంతు తీసేసేదాకా చొక్కా లేదు," అన్నది.

ఓబిలేష్ విననట్టే దువ్వెన అందుకున్నాడు. వినకపోవడం ఆయనకు చదువుతో పాటు అబ్బిన విద్య. అనంతపురం జనం మాటలన్నీ పోగేసి కంప్యూటరుకు ఎక్కిస్తున్నానని ఊరూరా సదస్సుల్లో చెప్పుకుంటాడు గానీ, ఇంట్లో పెళ్ళాం చెప్పే మాట ఒక్కటి చెవిన వేసుకోడు.

జరిగింది చిన్న సంగతి కాదు. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ప్రసూన ఫోను తెరిచింది. డిపార్ట్‌మెంటు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొగుడి ఎలక్ట్రానిక్ నిఘంటువు లింకు, దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. తెరిచి చూసినవాళ్ళెవరూ ఉండరు, చప్పట్లు మాత్రం అందరూ కొట్టారు. సరే, ఎట్లా వచ్చిందో చూద్దామని ఒక మాట నొక్కింది. 'దొడ్డి' అని వచ్చింది. దానికి అర్థం, అర్థం కింద ఉదాహరణ వాక్యం, పక్కన గొంతు వినిపించే గుర్తు. అది నొక్కగానే, వాళ్ళింటికి మగ్గం పనికొచ్చే ఓబులమ్మ ఏడుపు గొంతు వంటింట్లో పలికింది.

"కణేకల్లో కొట్టి సంపుతారని నా బిడ్డను తెచ్చుకుంటి. మడకశిరలో మా రంగన్న గొర్ల దొడ్డి కాడ దాపెట్టినా. ఎవురికీ చెప్పాకు పాపా, నీ కాళ్ళు మొక్కుతా."

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ప్రసూన చాలాసేపు ఆ వాసన కూడా గమనించలేదు.

ధర్మవరంలో ఆ ఇంటి వెనక వసారాలో పట్టుచీరల మగ్గాలున్నాయి. మామ పుల్లన్నది చీరల వ్యాపారం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులను పాత పోగులతో ఒక్కొక్కటే కలిపి, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టాలి. దాన్నే అచ్చు అతకడం అంటారు. ఆడవాళ్ళు ఎదురుబొదురుగా కూర్చుని పొద్దు వాలేదాకా చేసే పని. చేతులకు తీరికుండదు, నోళ్ళకు కావలసినంత తీరిక. మొగుళ్ళ సంగతులు, అత్తల సంగతులు, తోడబుట్టినవాళ్ళకు కూడా చెప్పుకోలేని సంగతులు అక్కడే బయటికొస్తాయి.

దానికొక కట్టుబాటుంది. అచ్చు కాడ అన్న మాట అచ్చు కాడనే వదిలేయాలి. పని ముగించి చేతులు కడుక్కున్నాక, ఆ మాట అన్న మనిషి ముందు కూడా ఎవరూ దాన్ని ఎత్తరు. కట్టుబాటు తప్పిన ఆడమనిషిని మళ్ళీ ఏ వసారాలోనూ అచ్చు కాడికి పిలవరు. వాళ్ళకు పెద్దమనుషులూ పంచాయితీలూ అక్కర్లేదు, పిలవకపోవడమే శిక్ష.

అట్లాంటి చోట కోడలిని నిఘంటువు కోసం రికార్డు చేసే ఫోను పక్కన పెట్టుకుని కూర్చోనిచ్చారంటే అది ప్రసూన మొహం చూసి. మాటలు తీసుకుంటాను, సంగతులు తీసుకోను అని ఆమె ఒట్టు పెట్టుకుని చెప్పింది. చెప్పినట్టే చేసింది. ప్రతి మాటకూ ఎవరి ఇల్లూ తెలియని వాక్యం వెతికి, అంతవరకే కత్తిరించి ఓబిలేష్‌కు ఇచ్చేది. వాన గురించి, వంకాయల గురించి, బస్సు రాకపోవడం గురించి. మిగతాదంతా ఆమె ఫోనులోనే ఉండిపోయేది.

సదస్సు దగ్గరపడింది. పెళ్ళాం కత్తిరింపులు ఎప్పటికి తెమిలేను? ఓబిలేష్ ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా ఫోనులోని రికార్డింగులన్నీ ఎత్తుకుపోయి ఒక ప్రోగ్రాములో పోశాడు. ఏ వాక్యంలో ఈ సీమ మాట ఎక్కువగా ఉందో దాన్ని ఆ ప్రోగ్రాము మంచి ఉదాహరణగా ఎంచుతుందట. ఏడ్చేటప్పుడు మనిషికి తన మాటే వస్తుంది. అందుకని ఓబులమ్మ ఏడుపు మొదటి వరసలో నిలబడింది.

ఇంతటి తెలివికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు పెట్టి పేపరు రాశాడు మహానుభావుడు. దాంట్లో ప్రసూన పేరు కూడా ఉంది. ఆఖరి పేజీలో, కరెంటు పోయినప్పుడు జనరేటరు ఇచ్చినవాళ్ళ పేరు తర్వాత.

ఇంతవరకే అయితే తిట్టుకుని, ఏడ్చి, సర్దుకునేదేమో. కానీ ఇవాళ ఆ సదస్సుకు భోజనాలు పెట్టిస్తున్నది కణేకల్ ఈరన్న. ఆహ్వానపత్రిక మీద పండితుల ఫొటోలన్నీ కందిగింజలంత, ఈరన్న ఫొటో అరచెయ్యంత. కాలువ కింద మాగాణి, కాంట్రాక్టులు, ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ కండువా. ఓబులమ్మ బిడ్డ ఆశ్రిత ఆయన కోడలు. డిగ్రీ చదివేటప్పుడు ఆయన కొడుకు ప్రేమించి చేసుకున్నాడు. మగ్గాల ఇంటి పిల్ల తమ గడప తొక్కిందన్న కసి ఆ ఇంట్లోవాళ్ళంతా వంతులేసుకుని ఆ పిల్ల వీపు మీద తీర్చుకున్నారు. తప్పించుకుని వచ్చిన పిల్ల ఎక్కడుందో తెలియక ఈరన్న మనుషులు ఊళ్ళు గాలిస్తున్నారు. దొరికితే ఏం చేస్తామో బజారులో నిలబడి చెప్పిపోయారు కూడా.

"ఆశ్రిత మామ వస్తాండాడు సభకు. అది తెలిసే ఇట్ల నిలబడినావా?" అన్నది ప్రసూన.

"వస్తే రానీ. ఆయప్ప శాలువ కప్పించుకునేకి వస్తాండాడు. నిఘంటువు చూసేకా?" ఓబిలేష్ అద్దంలోనే మాట్లాడాడు. "అయినా దాన్ని ఎవురు చూస్తారు మే? మా డిపార్ట్‌మెంటోళ్ళే తెరిసి చూడరు."

ప్రసూన బల్ల మీదున్న పేపరు తీసి, ఆయన అచ్చేయించుకున్న వాక్యం ఆయనకే చదివి వినిపించింది. ఈ నిఘంటువును లక్షలాది మంది మాట్లాడేవాళ్ళు దినామూ వాడుకుంటారని అందులో రాసుంది. లక్షలమంది చూస్తారన్నది అబద్ధమా, ఎవరూ చూడరన్నది అబద్ధమా, రెండింట్లో ఏదో ఒకటి చెప్పమంది.

ఓబిలేష్ దువ్వెన కింద పెట్టాడు. సదస్సుల్లో అయితే మంచి ప్రశ్న అడిగారు, ధన్యవాదాలు అని తప్పించుకునేవాడు. పెళ్ళానికి ధన్యవాదాలు చెప్పే అలవాటు లేక బ్యాడ్జీని మళ్ళీ సవరించుకున్నాడు.

వసారాలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఓబులమ్మ ఇంకా పనికి రాలేదు. వచ్చే వేళయింది.

"తీసేయడం ఎంతసేపు? ఒక్క వాక్యం," అన్నది ప్రసూన. ఈసారి గొంతులో బతిమాలుడు వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"ఎంతసేపని కాదు. తీస్తే లెక్క తప్పుతాది."

"ఏం లెక్క?"

ఆయన తిరిగి ఆమె మొహం చూశాడు, చిన్నపిల్లకు చెప్పేటంత ఓపికతో చెప్పాడు. మొత్తం ఎన్ని ఉదాహరణ వాక్యాలున్నాయో పేపరులో అచ్చయిపోయింది. తెర మీద మొదటి పేజీలో కూడా అదే సంఖ్య కనిపిస్తుంది. ఒకటి తీస్తే తెర మీద ఒకటి తగ్గుతుంది. పేపరులో ఒకటీ తెర మీద ఒకటీ ఉంటే ఎవడో ఒకడు లేచి అడుగుతాడు. డిపార్ట్‌మెంటు పెద్ద మారుతి సార్ ముందు పరువుపోతుంది. ప్రమోషన్ కాగితాలు ఆ మారుతి సార్ చేతిలోనే ఉన్నాయి.

ప్రసూన ఇస్త్రీపెట్టె తీగను చేతికి చుట్టుకుంది. ఒక పిల్ల ప్రాణం ఒకవైపు, ఒక అంకె ఒకవైపు. అంకె వైపు మొగ్గినందుకు ఈ మనిషికి సిగ్గయినా లేదే అనుకుంది. ఇన్నేళ్ళూ ఇతను పిరికివాడు, పోనీలే అనుకునేది. పిరికివాడయితే జాలిపడొచ్చు. ఇతని మీద జాలి కూడా దండగ అనిపించింది.

అప్పుడే అత్త సుబ్బలక్ష్మమ్మ ఉగ్గాని గిన్నె పట్టుకుని వచ్చింది. కొడుకు బనియన్ మీద ఉండడం, కోడలు ఇస్త్రీపెట్టె పక్కన కాపలా నిలబడడం చూసి, మగపిల్లోడు సభకు పోయేపొద్దు ఏం రచ్చ ఇది అని కోడలి మీద మొదలుపెట్టింది. ప్రసూన మాట్లాడకుండా ఫోను తీసి ఓబులమ్మ గొంతు వినిపించింది.

సుబ్బలక్ష్మమ్మ గిన్నె కింద పెట్టి మంచం పట్టె మీద కూర్చుంది. ఆ ఏడుపు ఆమె వినిందే. ఆ రోజు ఓబులమ్మకు ఎదురుగా కూర్చుని పోగులు అతికింది ఆమే. కొడుకును అడిగింది.

"నా మాటలు గూడ ఉండాయా దాంట్లో?"

"నీవి శానా ఉండాయమ్మా. నీది మంచి నుడికారం," అన్నాడు కొడుకు మెచ్చుకోలుగా.

తోడికోడలి గురించి, ఆడబిడ్డ మొగుడి గురించి, కట్టుకున్న పుల్లన్న గురించి సుబ్బలక్ష్మమ్మ ఆ వసారాలో అననిది లేదు. దేశంలో ఎవరు నొక్కితే వాళ్ళకు తన నోరు వినపడుతుందన్న సంగతి తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక మాత్రం ఆమె కోడలి పక్కకు వచ్చేసింది. తన సంగతి తర్వాత, ముందు ఓబులమ్మది తీసెయ్యమని కొడుకును గట్టిగా అడిగింది. ఆ పిల్లకు ఏమన్నా అయితే ఈ ఇంట్లో ఏ ఆడది అచ్చు కాడ కూర్చుంటాది, నీ నాయన మగ్గాలు ఎవరు నడుపుతారు అని నిలదీసింది.

మగ్గాల మాట వచ్చేసరికి ఓబిలేష్ కాస్త కదిలాడు. ల్యాప్‌టాపు తెరిచి, వాళ్ళిద్దరికీ వీపు పెట్టి ఏదో కొట్టాడు. తర్వాత చెయ్యి చాపి ప్రసూన ఫోను తీసుకుని 'దొడ్డి' నొక్కి చూపించాడు. 'ఈ పదం సవరణలో ఉంది' అని వచ్చింది. గొంతు లేదు.

"తీసేసినా. సాలునా? ఇంగ చొక్కా ఇయ్యి."

ప్రసూన మళ్ళీ నొక్కింది. గొంతు లేదు. తీగ గుచ్చి, కుడిచెయ్యి ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆయన్ని నమ్మినందుకు కాదు, నమ్మకపోతే ఆ క్షణంలో చేయగలిగింది ఏమీ కనిపించక నమ్మింది. అయినా మనసు నిలవక తానూ సభకు వస్తానంది. ఫొటోలు తీసేకి మనిషి కావాలనే ఓబిలేష్ కూడా అనుకుంటున్నాడు, సరే అన్నాడు.

*

అనంతపురంలో యూనివర్సిటీ హాలు ముందు ఫ్లెక్సీలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. జులై వచ్చినా చినుకు లేదు, వేరుశనగ వేయాలా వద్దా అని జిల్లా అంతా ఆకాశం కేసి చూస్తోంది. లోపల మాత్రం ఏసీ చలికి పండితులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

మాతృభాషలు చచ్చిపోతున్నాయని ఒకాయన ఇంగ్లీషులో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తెర మీద ఉన్నదంతా ఒక్కక్షరం వదలకుండా చదివి, సమయం లేదు కాబట్టి క్లుప్తంగా చెప్పానన్నాడు. ఇంకొకాయన లేచి, ఇది ప్రశ్న కాదు ఒక చిన్న వ్యాఖ్య అని మొదలుపెట్టి తన పుస్తకాల పేర్లన్నీ చెప్పాడు. వెనక వరసలో ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు లేపాక్షికి బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో విచారిస్తున్నారు. ఆ మనుషులందరి మెడల్లోనూ బ్యాడ్జీలు. ఒకరి మొహం ఒకరు చూడరు, ఒకరి బ్యాడ్జీ ఒకరు చదువుతారు, పనికొచ్చే పేరైతే అప్పుడు మొహం చూసి నవ్వుతారు.

ప్రసూన చివరి వరసలో కూర్చుంది. వీళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అచ్చు అతికేచోట ఒక గంట నోరు మూసుకుని కూర్చోగలడా అనుకుంది.

ఈరన్న ఆలస్యంగా వచ్చాడు. రాగానే మాట్లాడుతున్నవాణ్ణి ఆపేసి అందరూ లేచారు. తెల్లబట్టలు, వేళ్ళకు ఉంగరాలు, బరువైన నడక. మారుతి సార్ ఎదురుపోయి చెయ్యి పట్టుకుని వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. శాలువా, దండ, జ్ఞాపిక. భాషను బతికించేది ఈరన్నగారిలాంటి పెద్దమనసున్న దాతలేనని మారుతి సార్ అన్నాడు. కోడలిని బతకనివ్వని మనిషి భాషను బతికిస్తాడని విని జనం చప్పట్లు కొట్టారు. ప్రసూన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

తర్వాత ఓబిలేష్ లేచాడు. లేవగానే ఆయన మాట మారిపోయింది. పొద్దున బనియన్ మీద 'వస్తాండాడు, చూసేకి' అన్న మనిషి 'విచ్చేశారు, వీక్షించడానికి' అంటున్నాడు. ఇంటికి పెద్దమనుషులొస్తే తల్లిని తక్కువ మాట్లాడమని సైగ చేసే కొడుకు, తెర మీద సీమ మాటల గొప్పదనం ఒక్కొక్క బొమ్మగా చూపించాడు. నిఘంటువు మొదటి పేజీ తెరిచి సంఖ్య కూడా చూపించాడు. అందరూ నోట్ చేసుకున్నారు.

ఆ సంఖ్య మీద ప్రసూన కళ్ళు ఆగిపోయాయి. బ్యాగులోంచి పేపరు తీసి చూసింది. పేపరులో ఉన్న అంకె కంటే తెర మీదున్న అంకె ఒకటి తక్కువుండాలి. తక్కువ లేదు. రెండూ ఒకటే.

అంటే తీయలేదు. 'దొడ్డి' అన్న పేజీకి మాత్రం తలుపేశాడు. వాక్యం లోపలే ఉంది.

ఆమె లేచేలోపే మారుతి సార్ మైకు అందుకున్నాడు. ఈ నిఘంటువు ఎంత సులువో మన దాతగారే స్వయంగా చూస్తారన్నాడు. ఏ మాట వెతకమంటారని అడిగాడు. ఈరన్న కుర్చీలో కదిలాడు. ఆయనకు ఆకలిగా ఉంది, ఇవన్నీ తొందరగా అయిపోతే బాగుండునని మొహమే చెబుతోంది. నాకేం తెలుస్తాదప్పా, మీరే ఏదో ఒకటి కొట్టండి అన్నాడు. అయితే మీ ఊరి పేరే కొడదామన్నాడు మారుతి సార్. ఆ ఊరి పేరు వచ్చిన వాక్యాలన్నీ వినిపిస్తుందని గర్వంగా చెప్పాడు.

ఓబిలేష్ వేళ్ళు మీటల మీద ఆగాయి. ప్రసూన స్పష్టంగా చూసింది. ఆయన తల ఎత్తి హాలంతా వెతికి ఆమెను పట్టుకున్నాడు. ఆమె నిలబడి ఉంది. వద్దని తల అడ్డంగా ఊపింది.

"కొట్టండి ఓబిలేష్ గారూ," అన్నాడు మారుతి సార్.

ఓబిలేష్ కొట్టాడు.

హాలు నాలుగు మూలల్లోని స్పీకర్లలోంచి ఓబులమ్మ ఏడ్చింది. కణేకల్లో కొట్టి చంపుతారన్నది. మడకశిరన్నది. రంగన్న గొర్ల దొడ్డి అన్నది. ఎవరికీ చెప్పవద్దని కాళ్ళు మొక్కింది.

తర్వాత చప్పట్లు. ముందువరసలో ఒకాయన, ఎంత సహజం, ఎంత సహజం అని పక్కాయన భుజం తట్టాడు. ఢిల్లీవాళ్ళలో ఒకావిడ ఆ స్వరంలోని ఒడుదుడుకులను కూడా యంత్రం గుర్తుపడుతుందా అని అడిగింది. మారుతి సార్ వచ్చే ఏడాది గుర్తుపడుతుందన్నాడు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఆ ఆడమనిషి ఎందుకు ఏడుస్తోందని ఒక్కరూ అడగలేదు.

ఈరన్న చప్పట్లు కొట్టలేదు. ఒళ్ళో ఉన్న జ్ఞాపిక తీసి పక్కన పెట్టాడు. మైకు తనవైపు తిప్పుకుని మెల్లగా, మర్యాదగా అడిగాడు.

"ఇంగొకసారి ఏయప్పా."

ప్రసూన నడవాలోకి వచ్చి వేదిక వైపు నడిచింది. "వేయొద్దు," అన్నది. కొందరు తిరిగి చూశారు. వాలంటీరు అమ్మాయి ఒకతె అడ్డమొచ్చి, ప్రశ్నలు చివర్లో మేడమ్ అని నవ్వుతూ చెప్పి, ఖాళీ కుర్చీ చూపించింది. ప్రసూన ఆమెను పక్కకు జరిపి మళ్ళీ అన్నది. "వేయొద్దు, ఓబిలేష్."

పెళ్ళయ్యాక ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆయనకు వినిపించింది. ఆయన ఆమెను చూశాడు, మారుతి సార్‌ను చూశాడు, నడిమి కుర్చీలోని మనిషిని చూశాడు. చూపు దించుకుని మీట నొక్కాడు. దాతగారికి సరిగా వినపడాలని సౌండు కూడా కాస్త పెంచాడు.

రెండోసారి ఓబులమ్మ గొంతు మొదలయ్యేటప్పటికి ప్రసూన వేదిక మెట్ల దగ్గరుంది. ఇక అక్కడ ఆపడానికి ఏమీ లేదు. వెనక్కి తిరిగి బయటికి పరుగెత్తింది.

వరండాలో భోజనాలకు బల్లలు వేస్తున్నారు. ఓళిగలు, చిత్రాన్నం, పెద్ద పెద్ద గంగాళాలు. స్తంభం చాటుకు పోయి ఫోను తీసింది. తొందరలో ఓబులమ్మ పేరు దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఆమె ఫోను చెవికి పెట్టుకునేసరికి ఈరన్న బయటికి వచ్చాడు. అర్జెంటు పనొచ్చిందని, మీరంతా కడుపునిండా తినండని చెబుతున్నాడు. మారుతి సార్ కారు దాకా వెంటపోయాడు. ఓబిలేష్ వంగి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. తెల్లకారు గేటు దాటింది.

అవతల ఓబులమ్మ ఫోను ఎత్తింది. వెనక మగ్గం ఆడుతోంది. ఆమె ప్రసూన వాళ్ళింట్లోనే, అదే వసారాలో, అచ్చు కాడ కూర్చుని ఉంది. ఏం పాపా, సభ అయిపోయినాదా అని అడిగింది.

ప్రసూన చెప్పింది. మొత్తం చెప్పింది. నేను కాదు, ఆయన తీసుకుపోయినాడు అన్న మాట నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. ఆ మాట వల్ల ఆశ్రితకు ఒరిగేది లేదు.

ఓబులమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నిన్ను నమ్మి చెప్పినా పాపా," అన్నది ఓబులమ్మ.

ప్రసూన స్తంభానికి నుదురు ఆనించింది.

"రంగన్న ఈపొద్దు గొర్లెంబడి పోయింటాడు. ఫోను అందదు. దొడ్డి కాడ పిల్ల ఒగితే ఉంటాది," అన్నది ఓబులమ్మ. తర్వాత గొంతు గట్టిపడింది. "ఆయప్ప కారు యా పక్క తిరిగిందో చెప్పు. కణేకల్ దావనా?"

ప్రసూన తల ఎత్తి రోడ్డు చూసింది. కారు ఎప్పుడో కనుమరుగైంది. అది కణేకల్ మలుపు దగ్గర తిరగకుండా మడకశిర వైపే పోవడం ఆమె ఇందాకే చూసింది.

"బెంగుళూరు రోడ్డు పట్టినాడక్కా," అన్నది.

అటువైపు మగ్గం ఆగిపోయింది.